నీలం గీత

మార్చి 2

అలమర సర్దుతుంటే ఆఫీసువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ దొరికింది. తేదీలు పాతవి. కొట్టేసి రాస్తున్నాను. ఈమధ్య ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదు. కాగితం ఎదురు ప్రశ్న వెయ్యదు.

ఇవాళ నోటీసు వచ్చింది. దిగువ వంతెనకి మరమ్మతులట. పదో తారీఖున మొదలుపెట్టి నెలన్నర చేస్తారట. వంతెన పక్కన వేలాడే గొట్టంలో మా కేబుల్ ఉంది కాబట్టి ముందుగా చెబుతున్నామన్నారు. మర్యాదస్తులు.

బాసుకి చూపించాను. చదివి పక్కన పడేశాడు. "ఎర్ర లైనే కదా అక్కడుంది? అది పోతే నీలం లైను అందుకుంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

నిజమే. ఎందుకు?

మార్చి 3

తలనొప్పి. ఏమీ రాయను.

మార్చి 4

అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్ చిన్నోడా, ఇరవై నాలుగు నుంచి ఎనిమిది రోజులు. నీ లైను మీద కాకి కూడా వాలకూడదు."

నాకు యాభై ఒకటి వచ్చినా దానికి చిన్నోణ్ణే. రెండు నక్షత్రాలు పన్నెండేళ్ళకోసారి ఒకదాని పక్కకి ఒకటి వస్తాయట. అవి దగ్గరైన ఎనిమిది రోజులూ అయిదు దేశాల యాంటెన్నాలు కలిసి వాటి నుంచి వచ్చే రేడియో తరంగాలు వినాలి. ఈసారి పెద్దరికం అక్క వాళ్ళ యాంటెన్నాది. విన్నది విన్నట్టు ఆ క్షణానే మిగతావాళ్ళకి పంపగలిగిన చోటికే ఆ పెద్దరికం ఇస్తారు. అందుకు రెండు వేరువేరు కేబుల్ దారులుండాలి. ఉన్నాయని అక్క దరఖాస్తుతో పాటు ఒక కాగితం జత చేసింది. దాని మీద సంతకం నాది.

పోయినసారి ఆ నక్షత్రాలు కలిసినప్పుడు అక్క బృందంలో పదో మనిషి. మళ్ళీ కలిసేసరికి దానికి డెబ్భై ఏళ్ళు. అంటే ఉన్నది ఇదొక్కటే.

"డిస్కుల మీద కూడా రాసుకుంటున్నావా ఇంకా?" అన్నాను. లైను వచ్చాక కూడా, ప్రతిసారీ విన్నదంతా డిస్కుల్లో నింపి పెట్టెలకెత్తుతుంది. ఆ పెట్టెలు మోసేది సగంసార్లు నేనే.

"రాసుకుంటున్నాను."

"నా కేబుల్ మీద నమ్మకం లేదా?"

"అలవాటురా" అంది.

మార్చి 6

సరే, రాస్తాను. ఇక్కడ ఎవరు చూడొచ్చారు.

నీలం లైను ఎగువ వంతెన మీద లేదు. ఎప్పుడూ లేదు.

మా కంట్రోల్ రూము గోడ మీద పటం ఉంది. ఎర్ర గీత దిగువ వంతెన మీదుగా నది దాటుతుంది. నీలం గీత పదహారు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఎగువ వంతెన మీదుగా దాటుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వచ్చిన అతిథులు దాని ముందే నిలబడి ఫోటోలు దిగుతారు. తొమ్మిదేళ్ళ క్రితం ఎగువ వంతెనకి అనుమతి రాలేదు, ప్రారంభోత్సవం తేదీ మాత్రం వచ్చేసింది. అప్పటి బాసు, "ప్రస్తుతానికి రెండూ ఒకే గొట్టంలో లాగేయండి, మూడు నెలల్లో మార్చేద్దాం" అన్నాడు. లాగేశాం. పటం మాత్రం మార్చలేదు, ఎలాగూ మూడు నెలలే కదా అని.

తర్వాత ఒక కాగితం వచ్చింది. "రెండు దారులూ ఎక్కడా కలవవని, ఆసాంతం స్వయంగా నడిచి చూశానని ధ్రువీకరిస్తున్నాను." ఆ బాసు అయిదు నెలలకి రిటైరైపోయాడు. అనుమతి కాగితం ఏ బల్ల సొరుగులో నిద్రపోతోందో తెలియదు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. తొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు. నేనొక్కణ్ణే కాదు, అప్పుడున్న అందరికీ తెలుసు. ఆ అందరిలో ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నది నేనొక్కణ్ణే.

రేపు అక్కకి చెబుతాను.

మార్చి 7

అక్క ఫోన్ ఎత్తలేదు. నేను రెండోసారి చెయ్యలేదు.

మార్చి 9

చెబితే ఏమవుతుంది? రెండు వారాల ముందు పెద్దరికం వేరే దేశానికి పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. తొమ్మిదేళ్ళూ ఏమీ కాలేదు.

ఏమీ కాకుండా చూసుకుంటే సరి. వంతెన దగ్గరికి నేనే వెళతాను.

మార్చి 11

వెళ్ళాను. పని మొదలైపోయింది. మేస్త్రీ నడివయసు మనిషి, మీసం నిండా సిమెంటు. గొట్టం చూపించి, ఇది జాగ్రత్తండీ అన్నాను.

"ఏం లైను సార్ ఇది? సినిమాలొచ్చేదా?"

"కాదండీ. చదువులకీ పరిశోధనలకీ మాత్రమే వేసింది. నదికి అవతలున్న యూనివర్సిటీ, పెద్ద లైబ్రరీ, యాంటెన్నా, అన్నీ దీని మీదే ఉన్నాయి."

"అంటే మామూలు జనానికి పనికిరాదు."

"ఒకరకంగా అంతే."

"పోనీలెండి, మీరింత ఎండలో వచ్చారు, జాగ్రత్తగానే చూస్తాం" అని టీ ఇప్పించాడు.

డ్రిల్లు పెడితే వంతెనంతా వణుకుతోంది. గొట్టం పాత కొక్కేలకి వేలాడుతోంది. ఒక కొక్కెం తుప్పు పట్టి సగానికి విరిగింది. దాన్ని చూస్తూ గంటసేపు నిలబడ్డాను.

మార్చి 14

స్టీలు బెల్టులు తీసుకెళ్ళాను, నాలుగు. గొట్టాన్ని వంతెన కమ్మీకి కట్టేయమన్నాను. మేస్త్రీ బోల్టు తిప్పుతూ ఆగాడు.

"ఇంతకంటే బిగిస్తే నలుగుతుందేమో సార్. ప్లాస్టిక్కేగా."

"ఏం కాదు, బిగించండి."

"సరే, మీ గొట్టం మీ ఇష్టం" అని నాలుగూ బిగించాడు. చేత్తో లాగి చూశాను. రవ్వంత కూడా కదల్లేదు. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

మార్చి 16

సెలవైనా వంతెన దగ్గరికి వెళ్ళొచ్చాను. "మీరు కేబుళ్ళ ఉద్యోగం మానేసి వంతెనలు కట్టే ఉద్యోగంలో చేరారా?" అంది మా ఆవిడ. నవ్వాను. నవ్వు అతికినట్టు లేదని దాని మొహం చూస్తే తెలిసింది.

మార్చి 18

ఆఫీసులో పక్క సీటు మేడమ్ మామూలుగానే అడిగింది, "రోజూ వంతెన దగ్గరికేనా?" అని.

"ఆ, ఎర్ర లైను కోసమే, నీలం లైనుకీ దానికీ ఏం సంబంధం లేదు" అన్నాను.

ఆవిడ నావంక చూసింది. నీలం లైను సంగతి ఎవరడిగారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

మార్చి 20

అక్కకి చెబుదామనే వాళ్ళ ల్యాబుకి వెళ్ళాను. నిజంగా అందుకే వెళ్ళాను.

కింద కూర్చుని డిస్కుల పెట్టెలకి చీటీలు అంటిస్తోంది. జుట్టంతా తెల్లబడింది, రంగు వెయ్యడం మానేసింది. నన్ను చూసి, "రా, కూర్చో, తిన్నావా?" అంది. నేను అటూ ఇటూ మాట్లాడాను. వాళ్ళ గడియారాల గది చల్లగా ఉందన్నాను. మా పిల్ల పరీక్షల గురించి చెప్పాను. అది అన్నీ విని, లేచి, ఫైలు లోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టి, "ఇది చూస్తూ ఉండు, టీ తెస్తాను" అని వెళ్ళిపోయింది.

ఏదో గ్రాఫు. ఎర్ర చుక్కలు, నీలం చుక్కలు. వాళ్ళ లెక్కలు నాకేం అర్థమవుతాయి? కాగితం ఫైల్లో పెట్టి మూసేశాను.

చిన్నప్పుడు నాకు లెక్కలు అక్కే నేర్పింది. తప్పు చేస్తే తప్పని చెప్పేది కాదు. ఆ కాగితం నా ముందు పెట్టి ఊరుకునేది. ఎంతసేపైనా సరే, తప్పెక్కడో నేనే చెప్పాలి. చెప్పి సరిచేస్తే "సరిపోయింది" అనేది. అంతే, అంతకుమించి మెచ్చుకోలు లేదు. దెబ్బలు తిన్నా బాగుండేదనిపించేది.

టీ తాగి వచ్చేశాను. మూసిన ఫైలు చూసి, తీసి బీరువాలో పెట్టేసింది. పాపం, పని ఒత్తిడిలో ఉంది. ఇప్పుడు చెప్పి మనసు పాడుచెయ్యడం ఎందుకు? అయ్యాక చెబుతాను.

మార్చి 24

మొదలైంది. లైను శుభ్రంగా ఉంది. అక్క ఫోన్ చేసి అవతల అందరూ చప్పట్లు కొట్టారని చెప్పింది. దాని గొంతు ఇరవై ఏళ్ళ పిల్ల గొంతులా ఉంది.

మార్చి 25

బాగుంది.

మార్చి 26

కేబుల్లో కబుర్లు మోసే వెలుగు నిన్నటికంటే ఒక పిసరు తగ్గింది. ఎండలు ముదిరాయి కదా.

మార్చి 27

ఇంకొంచెం తగ్గింది. పక్క సీటు మేడమ్ స్క్రీను నావైపు తిప్పింది.

"ఇదేంటండీ, ఎరుపూ నీలమూ కవలపిల్లల్లా కలిసి దిగుతున్నాయి? ఒకదాంట్లో తగ్గితే రెండోదాంట్లో ఎందుకు తగ్గాలి?"

"మీటరు తేడా అయ్యుంటుంది."

"రెండు మీటర్లకీనా?"

లేచి వంతెన దగ్గరికి వెళ్ళాను. బెల్టులు చూశాను. నాలుగూ గట్టిగా ఉన్నాయి. డ్రిల్లు అటువైపు చివర ఎక్కడో పెట్టారు. ఇక్కడ భయమేమీ లేదు.

మార్చి 28

మళ్ళీ తగ్గింది. ఇంకో మూడు రోజులు ఆగితే చాలు.

ఇవాళ పక్క సీటు మేడమ్ గోడ మీది పటం ముందు చాలాసేపు నిలబడింది.

మార్చి 29

పదకొండూ నలభైకి రెండూ పోయాయి.

ఒక్క క్షణం తేడా లేకుండా పోయాయి. స్క్రీను మీద ముందు ఎరుపు గంట, వెంటనే నీలం గంట. నేను లేచి బయటికి వెళ్ళి అక్కకి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను.

"రెండూనా?" అంది.

"రెండూ."

"ఎన్నింటికి?"

"పదకొండూ నలభై."

ఎవరికో ఆ సమయం రాసుకోమని చెప్పడం వినిపించింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. "అక్కా, అది కాదు, నేను నీకెప్పుడో చెప్పాల్సింది, ఆ రెండూ ఒకే గొట్టంలో..."

"తెలుసురా" అంది. "ముందు పని చూసుకో. డిస్కుల మీద రాస్తూనే ఉంది." పెట్టేసింది.

వంతెన మీద మేస్త్రీ నాకోసమే చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. "మేం ముట్టుకోలేదు సార్, ఒట్టు" అన్నాడు. నిజంగానే ముట్టుకోలేదు. డ్రిల్లు తగల్లేదు, గొట్టం జారలేదు. రెండో బెల్టు విప్పించాను. ఎండకి మెత్తబడ్డ ప్లాస్టిక్ దాని కింద చపాతీలా అణిగిపోయి ఉంది. రెండు వారాలుగా కొద్దికొద్దిగా నలుగుతూ వచ్చింది. లోపలి గాజు తీగలు వెంట్రుకంత ఉంటాయి, అవి ఎంతకని వంగుతాయి?

నేను కట్టించిన బెల్టు. నేను లాగి చూసుకుని సంతోషపడ్డ బెల్టు.

మార్చి 30

మధ్యాహ్నం రెండింటికి లైను వచ్చింది. ఇరవై ఆరు గంటలు పైన పట్టింది. అతికేవాళ్ళ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. అంతకుమించి నాకేం పని ఉంది అక్కడ?

బాసు ఫోన్ చేశాడు. "మేస్త్రీ మీద రాసేయ్. వాళ్ళ వైపు నిర్లక్ష్యమని. నీలం సంగతి తర్వాత ఏదో ఒకటి రాద్దాం, అదే రోజు ఎక్కడో ఇంకోచోట తెగిందని." గొంతు తగ్గించి, "నువ్వు మంచివాడివయ్యా, నీకెందుకీ గొడవ" అన్నాడు.

రేపు సాయంత్రం లోపల రిపోర్టు ఇవ్వాలి.

మార్చి 31

నక్షత్రాల పని అయిపోయింది. అక్క ఫోన్ చెయ్యలేదు.

రిపోర్టు మూడుసార్లు రాశాను. మొదటిదాంట్లో, "వంతెన పనులవల్ల" అని ఉంది. అబద్ధం కాదు కూడా. రెండోదాంట్లో మేస్త్రీ ఉన్నాడు. ఆయన బోల్టు పట్టుకుని ఆగడం కళ్ళముందు కదిలింది. నలుగుతుందేమో సార్ అన్నాడు. చింపేశాను.

మూడోది ఇలా రాశాను: బెల్టులు బిగించమన్నది నేను. వద్దన్నా వినలేదు. రెండు లైన్లూ మొదటినుంచీ ఒకే గొట్టంలో ఉన్నాయి. వేరువేరు దారులని తొమ్మిదేళ్ళ క్రితం సంతకం పెట్టింది నేను. ఆ దారి నేను నడవలేదు.

ఇచ్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాను.

ఏప్రిల్ 2

అక్క దగ్గరికి వెళ్ళాను. నేనడగక ముందే ఫైలు తెచ్చి, అదే గ్రాఫు నా ముందు పెట్టింది. ఈసారి చూశాను.

వాళ్ళ గడియారాలకి మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షల వంతు, చాలా పెద్ద కాలమట. లైను మొదలైన వారంలో, పరీక్ష కోసం ఎరుపు మీంచి నీలం మీదికి మార్చినప్పుడు అక్క కొలిచింది. ఎర్ర చుక్కలూ నీలం చుక్కలూ ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉన్నాయి. కింద తేదీ, తొమ్మిదేళ్ళ నాటిది.

"పదహారు కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాలంటే వెలుగుకి ఎనభై మైక్రోసెకన్లు ఎక్కువ పట్టాలి" అంది. "ఒక్కటి కూడా ఎక్కువ పట్టలేదు. నీ వెలుగుకేమైనా రెక్కలొచ్చాయా?"

"అప్పుడే తెలుసా?"

"అప్పుడే."

"మరి అడగలేదేం?"

"లెక్క నీది కదా."

"తొమ్మిదేళ్ళా అక్కా?"

"మూడు నెలల్లో చెబుతావనుకున్నాను" అంది.

నాకు ఏడుపొచ్చింది. దానికి ఓదార్చే అలవాటు లేదు. పెట్టెల మీది చీటీలు సరిచేస్తూ కూర్చుంది. కాసేపటికి అదే మాట్లాడింది.

"నేనేదో ఉత్తమురాలిననుకోకు. అది తప్పని తెలిసే నీ కాగితం దరఖాస్తులో పెట్టాను. నిన్ను కాపాడాలనేం కాదు. నాకు ఆ పెద్దరికం కావాలి. అది లేకుండా రిటైరవ్వాలంటే మనసొప్పలేదు. నువ్వు చెప్పి ఉంటే పెట్టలేకపోయేదాన్ని. అందుకే నిన్ను గట్టిగా అడగలేదేమో కూడా."

డిస్కులు మిగతా దేశాలకి వెళ్ళాయట. నక్షత్రాలు పోలేదు. కానీ ఆ ఇరవై ఆరు గంటలూ ఎవరు ఏం వింటున్నారో సరిచూసే పని ఇంకో దేశం చేసింది. నిన్న అక్క నలుగురికీ ఉత్తరం రాసింది, మాకు రెండు దారులు లేవు, ఉన్నాయని రాయడం తప్పు అని. పెద్దరికం ఆ దేశానికే ఇచ్చేసింది. ఈ పరిశోధన మీద రాసే వ్యాసంలో మొదట ఉండాల్సిన దాని పేరు ఇప్పుడు నాలుగోది.

"ఎన్నో పేరైతేనేంరా" అంది. దాని మొహం అలా అనలేదు.

ఏప్రిల్ 17

మెమో వచ్చింది. ఇకమీదట ఏ ధ్రువపత్రం మీదా నేను సంతకం పెట్టకూడదు. గోడ మీది పటంలో నీలం గీత చెరిపేశారు. చెరిపింది పక్క సీటు మేడమ్. చెరిపి, నా బల్ల మీద టీ పెట్టి వెళ్ళింది.

మా ఆవిడకి మొత్తం చెప్పాను. "ఇదా! నేనింకా ఏ రోగమో దాస్తున్నారనుకుని నెలరోజులుగా చస్తున్నాను" అని తిట్టింది.

జూన్ 23

ఎగువ వంతెనకి అనుమతి వచ్చింది. గట్టిగా అడిగితే రెండు నెలల్లో వచ్చింది.

సెప్టెంబరు 8

కొత్త నీలం లైను కోసం కాలువ తవ్వుతున్నారు. సెలవు పెట్టి దాని వెంట నడుస్తున్నాను. నన్నెవరూ నడవమనలేదు, సంతకం ఎలాగూ వేరేవాళ్ళది. ఇవాళ నాలుగు కిలోమీటర్లు. మోకాళ్ళు పట్టేశాయి.

అక్టోబరు 19

అయిపోయింది. ఆ చివరినుంచి ఈ చివరిదాకా, ఎక్కడా బండెక్కకుండా. కాళ్ళు తప్ప అంతా బాగుంది.

నవంబరు 21

ఉదయం పదింటికి కొత్త నీలం లైను మీదికి మార్చారు. పదింబావుకి అక్క నుంచి మెసేజ్. ఒక్క అంకె, ఇంకేం లేదు.

82.6

ఎనభై రావాలి కదా. ఫోన్ మోగింది.

"రెండు పాయింట్ ఆరు ఎక్కువొచ్చింది. అంటే అర కిలోమీటరు పైన తీగ. పటంలో లేదు. ఎక్కడ పెట్టావురా?"

నడిచిన దారంతా మనసులో ఒకసారి తిరిగొచ్చాను. తర్వాత నవ్వొచ్చింది.

"దారి పొడుగునా ఉన్న గుంటల్లో అక్కా. రేపెప్పుడైనా తెగితే అతకడానికి మిగులు ఉండాలని ఒక్కో గుంటలో నలభై మీటర్లు చుట్టి పెట్టాం. పదమూడు గుంటలు. పదమూడింటి మూతలూ ఎత్తించి నా కళ్ళతో చూశాను."

అవతల కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు. పదమూణ్ణి నలభైతో హెచ్చవేస్తోందని నాకు తెలుసు. నేను కూడా హెచ్చవేశాను. అయిదు వందల ఇరవై.

"సరిపోయింది" అంది.

నేను అడిగాను, ఇక డిస్కులు ఆపేస్తావా అని.

"ఎందుకాపుతాను? ఆదివారం రా, పెట్టెలు పైకెక్కించాలి."